ఖాళీ ఇంట్లో దీపం

తెనాలిలోని ఆ ఇంటికి నాలుగు వాటాలు. ముందు వాటాలో లెక్కల మాస్టారి కుటుంబం. మిగతా మూడింట్లో అద్దెకున్నవాళ్లు. నలభై ఏళ్లుగా అంతే! ఏ వాటా అయినా ఖాళీ అయితే మాస్టారు మూడు పనులు చేసేవారు. కరెంటు మెయిన్ ఆపేసేవారు. డాబామీది ట్యాంకు నుంచి ఆ వాటాకి వెళ్లే వాల్వు కట్టేసేవారు. సాయంత్రం కాగానే తాళం తీసి, గూట్లో దీపం పెట్టి వచ్చేవారు. 'మనిషి లేని ఇల్లు ఊరికే ఉండదురా, పాడైపోతుంది' అనేవారు.

పెద్దబ్బాయికి అదంతా చాదస్తంలా అనిపించేది.

2019 ఫిబ్రవరి మొదటివారం. మాస్టారి సహస్ర చంద్ర దర్శనం వేడుకకు ఇంకా ఎనిమిది రోజులుంది. పిల్లల బడి పోతుందని భార్య డాలస్‌లోనే ఉండిపోగా, పెద్దబ్బాయి ఒక్కడే ముందుగా వచ్చి శుభలేఖలు పంచుతున్నాడు. సోమవారం ఉదయం ఆరింటికి ఫోన్ మోగింది. మినియాపోలిస్ నుంచి ఎదురింటి పెద్దావిడ. అక్కడింకా ఆదివారం సాయంత్రమే.

'మీ గ్యారేజీ తలుపు కిందినుంచి నీళ్లు వస్తున్నాయి. వాకిలంతా గడ్డకట్టి అద్దంలా ఉంది. లోపల ఎవరూ లేరు కదా?' అందావిడ.

అతని గుండె జారిపోయింది.

* * *

అది వాళ్ల మొదటి ఇల్లు. 2011లో కొన్నారు. పిల్లలిద్దరూ పారాడింది ఆ చెక్క నేలమీదే. 2017లో ఉద్యోగం డాలస్‌కు మారినా, అమ్మడానికి మనసొప్పక అద్దెకిచ్చారు. నగరపాలక సంస్థ దగ్గర అద్దె లైసెన్సు తీసుకున్నారు. అద్దె ఒప్పందం రాయించారు. అడ్వాన్సు తీసుకుని రసీదిచ్చారు. అన్నీ పద్ధతి ప్రకారమే చేశారు... ఒక్కటి తప్ప. ఇల్లు అద్దెకిచ్చినట్టు బీమా కంపెనీకి చెప్పలేదు.

దాచాలని కాదు, గుర్తుకే రాలేదు. ఇంటి అప్పు వాయిదాతోపాటే బీమా ప్రీమియం కూడా నెలనెలా కట్ అయిపోయేది. దాన్నుంచి బ్యాంకే కంపెనీకి కట్టేది. కళ్లకి కనపడని ఖర్చు ఎవరికి గుర్తుంటుంది! ఎనిమిదేళ్లుగా డబ్బు కడుతున్నాం, ఇంటికి బీమా ఉంది అనుకున్నాడు. అంతవరకూ నిజమే. కానీ ఆ బీమా, యజమాని తాను నివసించే ఇంటికి తీసుకున్నది.

అద్దెకున్నవాళ్లు 2018 నవంబరు ఆఖరున ఖాళీచేశారు. మిన్నెసోటాలో నడి చలికాలంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ. మార్చిదాకా ఎవరూ రారని, మనిషిలేని ఇంటికి వెచ్చదనం దండగని, థర్మోస్టాట్‌ను 45 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గించాడు. అంటే సుమారు ఏడు డిగ్రీల సెల్సియస్. నెలకి కొన్ని డాలర్ల గ్యాస్ బిల్లు మిగులుతుందని సంబరపడ్డాడు కూడా.

జనవరి 30న మినియాపోలిస్‌లో చలి సున్నాకి దిగువన 33 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. ఆ ఇంట్లో వంటింటి సింకు గొట్టం ఉత్తరంవైపు బయటిగోడలో ఉంది. గదిలో కొద్దో గొప్పో వెచ్చదనం ఉన్నా గోడలోపలికి అందలేదు. నీరు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. ఆ గడ్డకీ కట్టేసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటిమీద ఒత్తిడి పెరిగిపోయి గొట్టం పగులుతుంది. తమాషా ఏమిటంటే, పగిలిన వెంటనే నీళ్లు కారవు. గడ్డే బిరడాలా అడ్డుంటుంది. చలి తగ్గి, ఆ బిరడా కరిగాక మొదలవుతుంది అసలు కథ. ఆ ఆదివారం జరిగింది అదే.

ఇరవై మైళ్ల దూరంలో ఉన్న తెలుగు స్నేహితుడు పరుగున వెళ్లి, వెనక తలుపు బద్దలుకొట్టి, బేస్‌మెంట్‌లోని ప్రధాన వాల్వు కట్టేశాడు. దాన్ని తిప్పడానికి అరనిమిషం కూడా పట్టలేదట! తర్వాత అతను పంపిన వీడియోలో, చెక్క నేల ఉబ్బి అలల్లా లేచి ఉంది. బేస్‌మెంట్ కప్పు ఊడి తివాచీమీద పడింది. గోడమీద పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు సగందాకా తడిసిపోయాయి.

* * *

బీమా కంపెనీ నుంచి ఫోన్ చేసినాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. మూడే ప్రశ్నలు అడిగాడు. ఆ ఇంట్లో ఎవరుంటున్నారు? ఎన్నాళ్ల నుంచి ఖాళీగా ఉంది? థర్మోస్టాట్ ఎంతలో పెట్టారు?

మూడింటికీ నిజమే చెప్పాడు. మూడు జవాబులూ అతనికే ఎదురుతిరిగాయి.

యజమాని నివసించని ఇల్లు కాబట్టి ఆ పాలసీ వర్తించదన్నారు. ఒకవేళ వర్తించినా, గొట్టాలు గడ్డకట్టి జరిగే నష్టానికి ఒక షరతుంది. ఇంట్లో తగినంత వెచ్చదనం ఉంచడానికి యజమాని శ్రద్ధ తీసుకుని ఉండాలి. లేదా నీటి సరఫరా కట్టేసి గొట్టాల్లో నీళ్లు వదిలేసి ఉండాలి. అతను రెండోది చేయనేలేదు. మొదటిది చేశాననుకున్నాడు గానీ, చలిదేశాల్లో ఖాళీ ఇంటికైనా సరే 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గించవద్దని చెబుతారు.

మరమ్మతుకు లెక్క తేలింది 62 వేల డాలర్లు. అప్పటి మారకంలో 44 లక్షల రూపాయల పైమాటే. పెద్దమ్మాయి కాలేజీ కోసం దాచిన సొమ్ములో చాలావరకు అందులోకే పోయింది.

ఇంట్లో వేడుక జరుగుతుంటే ఈ మాట నాన్నకెలా చెప్పడం? ఎనిమిది రోజులూ కడుపులోనే దాచుకున్నాడు. పందిట్లో అందరికీ నవ్వుతూ వడ్డించాడు. రాత్రిళ్లు డాబామీద తిరుగుతూ భార్యతో గుసగుసగా మాట్లాడాడు. చుట్టాలంతా వెళ్లిపోయాక మాస్టారే అడిగారు.

'ఏంట్రా అబ్బాయ్, నిద్రపోవడం లేదు?'

చెప్పాడు. పెద్దాయన మొత్తం విని కాసేపు మాట్లాడలేదు.

'వాల్వు కట్టేసి రాలేదుట్రా?'

'లేదు నాన్నా.'

అంతే. మరో మాట అనలేదు. లోపలికెళ్లి బ్యాంకు పాస్‌బుక్ తెచ్చి చేతిలో పెట్టారు. అందులో నాలుగు లక్షలున్నాయి. 'వద్దు నాన్నా' అని అతను తిరిగి ఇచ్చేశాడు గానీ, 44 లక్షల నష్టం కంటే ఆ నాలుగు లక్షలే అతన్ని ఎక్కువ ఏడిపించాయి.

* * *

ఆ వేసవికి ఇల్లు బాగయింది. మళ్లీ అద్దెకిచ్చేముందు అతను చేసిన మొదటి పని, ఒక బీమా ఏజెంటు ఎదుట కూర్చుని ప్రతి పేజీ చదివించుకోవడం.

అమెరికాలో అద్దె ఇళ్లకు వేరే పాలసీలున్నాయి. ఎక్కువగా కనిపించేవి డీపీ-1, డీపీ-2, డీపీ-3. మొదటిది చవక. అగ్నిప్రమాదం, పిడుగుపాటు లాంటి కొద్దివాటికే పరిమితం. గొట్టాలు గడ్డకట్టడం, కప్పుమీద మంచు బరువుకు జరిగే నష్టం లాంటివి రెండోదాంట్లో చేరతాయి. మూడోది ఇంటి కట్టడం విషయంలో, మినహాయించామని రాసినవి తప్ప మిగతా ప్రమాదాలన్నిటికీ వర్తిస్తుంది. చలి ఊళ్లో ఇల్లున్నవాళ్లు చవకని మొదటిది తీసుకుంటే, అసలు భయం బయటే ఉండిపోతుంది.

సొంతంగా ఉండే ఇంటి బీమా కన్నా దీనికి పాతిక శాతం దాకా ఎక్కువ కట్టాల్సి రావచ్చు. బదులుగా, బీమా వర్తించే ప్రమాదం జరిగి ఇల్లు ఉండటానికి వీల్లేకుండా పోతే, బాగయ్యేవరకూ పోయే అద్దెకు పరిహారం ఉంటుంది. ఇక బయట మంచుమీద ఎవరైనా జారిపడి దావా వేస్తే? మినియాపోలిస్‌లో ఒక కుటుంబం ఉండే ఇంటి ముందైతే, మంచు ఆగిన 24 గంటల్లో కాలిబాట శుభ్రం చేయాలన్నది నగర నిబంధన. పార పట్టేది అద్దెకున్నవాళ్లే అయినా, దావా యజమానిదాకా రావచ్చు. అందుకే బాధ్యత బీమా కూడా జతచేయించుకున్నాడు. అద్దెకున్నవాళ్ల సామానుకు యజమాని బీమా వర్తించదు. వాళ్లు వేరుగా తీసుకోవాల్సిందే. ఆ మాట ఒప్పందంలోనే రాయించాడు. వరద నష్టం వీటిలో దేనిలోనూ ఉండదు, దానికి ఇంకో పాలసీ!

అంతా అయ్యాక ఏజెంటును అతనో ప్రశ్న అడిగాడు. 'ఇల్లు మళ్లీ ఖాళీ అయితే?'

'ముందు నాకు చెప్పండి' అన్నాడాయన. '60 రోజులు దాటి ఖాళీగా ఉంటే, ఎవరైనా కావాలని పాడుచేసిన నష్టానికి డబ్బురాని పాలసీలే ఎక్కువ. వెచ్చదనం తగ్గించకండి. నీళ్లు కట్టేయండి. రోజూ ఎవరైనా వెళ్లి చూసేలా ఏర్పాటు చేసుకోండి.'

ఆ మాటలు ఎక్కడో విన్నట్టే అనిపించింది. మెయిన్, వాల్వు, దీపం... నాన్న చెప్పిన మూడు పనులే! ఒక్క తేడా, అక్కడ మెయిన్ ఆపకూడదు. ఇల్లు వెచ్చగా ఉంచే ఫర్నేసే అక్కడి దీపం. అది ఆరకూడదు.

బీమా అంటే ఇంటికి కాపలా అనుకున్నాడు ఇన్నాళ్లూ. కాగితం కాపలా కాయదు. కాపలా ఉన్నవాడికి, అయినా నష్టం జరిగితే, తోడు నిలబడుతుంది. అంతే.

తాళంచెవి ఒకటి ఎదురింటి పెద్దావిడకు ఇచ్చాడు. లోపల చలి పెరిగితే ఫోన్‌కు కబురందించే థర్మోస్టాట్ పెట్టించాడు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను చలితుపాను ముంచెత్తి, కరెంటు పోయి, వేల ఇళ్లలో గొట్టాలు పగిలినప్పుడు, డాలస్‌లోని తన ఇంట్లో కరెంటు పోయిన వెంటనే అతను చేసిన పని, వాల్వు కట్టేసి కుళాయిలన్నీ తిప్పి నీళ్లు వదిలేయడం. మర్నాడు తెనాలికి ఫోన్ చేసి చెబితే మాస్టారు నవ్వారు. 'ఇప్పటికి ఇల్లుగలవాడివయ్యావురా' అన్నారు.

మరుసటేడు మాస్టారు పోయారు. కర్మలయ్యాక అమ్మను చెల్లెలు గుంటూరు తీసుకెళ్లింది. ముందు వాటా ఖాళీ అయింది. పెద్దబ్బాయి బీరువా తెరిచి కాగితాలన్నీ వెతికాడు. ఆ ఇంటికి బీమా ఎప్పుడూ లేదు. మన దేశంలో 2021 ఏప్రిల్ నుంచి ఇళ్లకోసం 'భారత్ గృహ రక్షా' అనే పాలసీ వచ్చిందని తెలుసుకుని, తిరుగు ప్రయాణానికి ముందే తీసుకున్నాడు. ముందు వాటా ఖాళీ అనీ, మిగతావి అద్దెకిచ్చామనీ ఉన్నదున్నట్టు చెప్పాడు.

బయల్దేరే రోజు సాయంత్రం మెయిన్ ఆపాడు. డాబా ఎక్కి వాల్వు కట్టాడు. తాళంచెవి తెచ్చి వెనక వాటాలో ఉంటున్నావిడ చేతిలో పెట్టాడు.

'రోజూ పొద్దుగూకే వేళకి దీపం పెట్టండి అక్కయ్యా' అన్నాడు.

'మాస్టారు చెప్పే వెళ్లారు బాబూ' అందావిడ.