నొప్పి చెప్పని పన్ను

పన్ను పుచ్చితే ఇల్లంతా తెలుస్తుంది. అర్ధరాత్రి లవంగం కోసం వంటింట్లో డబ్బాలు వెతికే చప్పుడుకి నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చుంటారు. సొంత పన్ను అంత గోల చేస్తుంది మరి! అదే ఇంప్లాంట్ అయితే... చుట్టూ ఎముక కరిగిపోతున్నా చాలాకాలం కిమ్మనదు. చల్లనీళ్లు తాగినా జివ్వుమనదు. అది దాని గొప్పతనం అనుకుంటారు చాలామంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

పుంగనూరులో ఒక అయ్యవారున్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కింది దవడలో కుడివైపు రెండు దంతాలు పోతే 2019లో కొడుకు బెంగళూరు పిలిపించుకుని ఇంప్లాంట్లు పెట్టించాడు. ‘సెట్టు పళ్లు వద్దు నాయనా, రాత్రిపూట గ్లాసులో వేసుకునే బాధ నాకెందుకు’ అన్నది ఆయనే. ఆరు నెలలకోసారి రమ్మన్నారు డాక్టరు. ఒకసారి వెళ్లారు. ఆ తర్వాత 2020లో లాక్‌డౌన్ వచ్చింది. బస్సులు మళ్లీ తిరిగేసరికి కొడుకు ఉద్యోగం పుణెకి మారింది. పన్ను బాగానే ఉంది, రాగిసంగటి ముద్దా నాటుకోడి ఎముకా రెండూ నమలగలుగుతున్నారు. ఇంకెందుకు వెళ్లడం?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ పడమటి ఊళ్లలో ఇది కొత్త కథేం కాదు. పెద్ద వైద్యమంటే బెంగళూరే. మదనపల్లె నుంచి చింతామణి మీదుగా బస్సెక్కితే మూడు, నాలుగు గంటలు. కుప్పం వాళ్లకి రైలుంది, బంగారుపేట దాటితే వచ్చేసినట్టే. ఇంప్లాంట్ పెట్టించుకోవడానికి ఆ దూరం దూరమే కాదు. పెట్టించుకున్న తర్వాత చూపించుకోవడానికి మాత్రం అదే దూరం కొండంత అవుతుంది. దారి పొడవునా హోర్డింగులు కూడా ధర గురించీ, గ్యారంటీ గురించీ చెబుతాయి తప్ప చిగురు ఊసెత్తవు.

ఇంప్లాంట్ చరిత్రలో కూడా ముందు మాట్లాడుకున్నది ఎముక గురించే. స్వీడన్‌కి చెందిన పెర్ ఇంగ్వార్ బ్రానెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకలో టైటానియం గొట్టం పెట్టి పరీక్షలు చేస్తుంటే, తర్వాత ఎంత లాగినా అది ఊడి రాలేదట. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం మరలు బిగించి పళ్లు కట్టారు. ఆ రోగి 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లు, అవి పనిచేశాయి. అంత గట్టి పని! కాకపోతే ఎముకలోకి దిగిన మర పైన చిగురులోంచి నోట్లోకి రావాలి. ఆ వచ్చేచోటే క్రిములకు దారి.

సొంత పన్ను ఎముకలో నేరుగా పాతేసినట్టు ఉండదు. మధ్యలో సన్నటి నారపొర ఉంటుంది. అన్నంలో రాయి తగిలితే చటుక్కున తెలిసేది ఎక్కువగా ఆ పొరలోని నరాల వల్లే. చిగురులోని నారలు కూడా పంటి వేరులోకి అడ్డంగా దిగి పట్టుకుంటాయి. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు. చిగురు నారలు దాని పక్కనుంచి వెళతాయే గానీ లోపలికి దిగవు. గుంజకి ముడేసిన తాడుకీ, గుంజ చుట్టూ ఊరికే చుట్టిన తాడుకీ ఉన్న తేడా. అందుకే అక్కడ పాచి పేరుకుంటే వాపు లోతుకి వెళ్లడం సులువు.

అయ్యవారి విషయానికొస్తే, ముందు చూసింది ఆయన భార్య. పొద్దున్నే తొట్టి దగ్గర ఉమ్మితే ఎర్రటి చార. ‘ఏందిది, రక్తమా?’ అంటే ‘వేపపుల్ల గుచ్చుకుంది లే’ అని నీళ్లు పోసేశారు. ఒకటి కాదు రెండు కాదు, ఏడాది పాటు అదే జవాబు. కొడుకు ఫోన్ చేసినప్పుడు ఆమె చెప్పబోతే కళ్లతోనే వారించేవారు. వాడు లోను తీసి పెట్టించిన పళ్లాయె... పాడయ్యాయని ఏ నోటితో చెప్పడం?

చివరికి పైపన్ను ఒకటి పుచ్చి, నొప్పి తట్టుకోలేక మదనపల్లె వెళ్లారు. అక్కడి దంత వైద్యుడు నొప్పి పన్ను చూశాక, కింది ఇంప్లాంట్ల దగ్గర ఆగిపోయాడు. ‘సార్, ఇవి ఎప్పుడు పెట్టించారు? ఏ కంపెనీవి? కట్టిన రోజు తీసిన ఎక్స్‌రే ఉందా?’ మూడు ప్రశ్నలు. జీవితమంతా పిల్లల్ని ప్రశ్నలడిగిన మనిషి మొదటిదానికి తప్ప జవాబు చెప్పలేకపోయారు.

ఆ ప్రశ్నలు ఊరికే అడిగినవి కావు. చిగురు చూపులకు ఎర్రగా ఉందా, ఉబ్బిందా, నొక్కితే చీము వస్తోందా అన్నవి కంటికి కనిపిస్తాయి. లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే కొలవాలి. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరాన్ని ఇంప్లాంట్ చుట్టూ ఆరుచోట్ల చిగురు సందులోకి మెల్లగా దించుతారు. ఎంత మెల్లగా అంటే 25 గ్రాముల బరువు పెట్టినంత. అంతకే రక్తం చిమ్మితే వాపు ఉన్నట్టు. ఎక్కడ ఎంత లోతు దిగిందో రాసుకుంటారు. కొంతమంది ‘ఇంప్లాంట్‌కి పుల్ల తగలకూడదట’ అని భయపడతారు. మెల్లగా కొలిస్తే చెరుపేమీ లేదు. కొలవకపోతేనే ప్రమాదం.

కానీ ఒక్క లోతు అంకె చూసి తీర్పు చెప్పలేరు. చిగురు మందంగా ఉన్నవాళ్లకి మొదటి రోజు నుంచే 4, 5 మి.మీ. ఉండొచ్చు. మొదట ఎంత ఉండేది, ఇప్పుడెంత అన్నదే లెక్క. మదనపల్లె వాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. వందేళ్లు దాటిన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి ఊరి పక్కనే ఉంది. పాత ఛాతీ ఎక్స్‌రే పక్కన కొత్తది పెట్టి వెలుతురులో చూడటం ఈ ప్రాంతంలో తాతల నాటి నుంచీ తెలిసిన సంగతే. పంటిదీ అదే పద్ధతి.

కంపెనీ పేరు ఎందుకంటే, పైన బిగించిన పన్ను విప్పి శుభ్రం చేయాల్సి వస్తే ఒక్కో కంపెనీ మరకి ఒక్కో రకం స్క్రూడ్రైవర్ కావాలి. పేరు తెలియకపోతే పక్క ఊరి డాక్టరు చేతులు కట్టేసినట్టే. స్కూటర్ కొంటే ఆర్‌సీ జాగ్రత్తగా బీరువాలో పెట్టుకునే వాళ్లం, నోట్లో పెట్టిన దాని కార్డు మాత్రం మెడికల్ షాపు కవర్‌తో పాటు పారేస్తాం!

అయ్యవారు ఇంటికొచ్చి ట్రంకుపెట్టె అంతా తిరగేశారు. దొరకలేదు. ఇక తప్పక కొడుక్కి ఫోన్ చేశారు. ఏడాదిగా దాచిందంతా ఆ ఫోన్లో బయటపడింది. కోప్పడతాడనుకుంటే, అవతల కాసేపు మౌనం. ‘నాన్నా, ఆ ఎక్స్‌రే నా మెయిల్లో ఉంది’ అన్నాడు. పది నిమిషాల్లో వాట్సాప్‌లో వచ్చింది.

పక్కపక్కనే ఉన్న రెండు ఇంప్లాంట్లు, ఒకే నోరు, ఒకే వేపపుల్ల. ఫలితం మాత్రం వేరు. ముందుదాని చుట్టూ రక్తం వచ్చింది, లోతు 4 మి.మీ., ఎముక ఎక్కడిదక్కడే. అంటే వాపు చిగురు వరకే. వెనకదాని దగ్గర పరికరం 7 మి.మీ. దిగింది, కొంచెం చీము కూడా. పాత ఎక్స్‌రేలో ఎముక మొదటి మరచుట్టు దాకా ఉంది. కొత్తదాంట్లో మూడు చుట్లు బయటపడ్డాయి. లెక్కల అయ్యవారు కదా, డాక్టరు చెప్పేలోపే ఆయనే లెక్కపెట్టేశారు.

ఈ రెండు దశల మధ్య గీత చాలా ముఖ్యం. చిగురు వరకే ఉన్న వాపు శుభ్రం చేస్తే తగ్గుతుంది. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో 3 వారాలు పళ్లు తోమకుండా ఉంటే సొంత పళ్ల చుట్టూ, ఇంప్లాంట్ల చుట్టూ కూడా చిగురు వాచింది. ఎముక కరగడం మొదలయ్యాక మాత్రం దారి కష్టం. చిగురు తెరిచి శుభ్రం చేయాల్సి రావచ్చు, పోయిన ఎముక పూర్తిగా తిరిగొస్తుందని ఎవరూ మాటివ్వలేరు. 2015లో వెలువడిన ఒక సమీక్ష పలు దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే, ఇంప్లాంట్లున్న వాళ్లలో సగటున నూటికి 43 మందిలో మొదటి రకం, 22 మందిలో ఎముక దాకా వెళ్లిన రకం కనిపించాయి. అరుదైన జబ్బేమీ కాదన్నమాట.

ముందుది శుభ్రం చేయించుకున్నాక, రెండు నెలలకి రక్తం ఆగింది. వెనకదానికి చిన్న ఆపరేషన్ జరిగింది. నిలుస్తుందో లేదో ఇంకా చూస్తున్నారు. వేపపుల్ల మానలేదాయన. ‘పంటి పైభాగం దాకా అది సరే సార్, కిందికి వంగి చిగురు అంచులోకి పోదు కదా’ అని డాక్టరు చెప్పాక పళ్ల సందుల్లో తోమే చిన్న బ్రష్ కూడా చేరింది, తీగకి ప్లాస్టిక్ పూత ఉన్నది.

కుప్పంలో ఈయన బావమరిది ఉన్నారు. కిరాణా కొట్టు, షుగరు, రోజుకో సిగరెట్ పెట్టె. ఆయనకీ బెంగళూరులో పెట్టించిన ఇంప్లాంట్ ఒకటుంది. ‘బావా, నాకు నొప్పే లేదు, రక్తమూ రాదు గదా, ఎందుకింకా పోయేది?’ అన్నారు. రక్తం రాకపోవడం ఆయన విషయంలో భరోసా కాదు. పొగతాగే వాళ్లలో చిగురు రక్తం తగ్గి కనిపించొచ్చు, లోపల జబ్బు దాక్కునే ఉంటుంది. అదుపులో లేని షుగరు, ఒకప్పుడు చిగుళ్ల జబ్బుతో పళ్లు ఊడిన చరిత్ర... ఇవన్నీ ముప్పుని పెంచేవే.

మనవడి చెవులు కుట్టించే వేడుకకి పుంగనూరు వచ్చినప్పుడు అయ్యవారు ఆయన్ని బస్సెక్కించి మదనపల్లె తీసుకెళ్లారు. కొలిస్తే లోతు 5 మి.మీ., ఒక్కచోట చిన్న రక్తపు చుక్క. ఎక్స్‌రేలో ఎముక 2 మి.మీ. కిందికి ఉంది. పాత ఎక్స్‌రే కోసం ఫోన్ చేస్తే ఆ క్లినిక్ ఎప్పుడో మూతపడింది. పాత రికార్డే లేనప్పుడు 6 మి.మీ. లోతు, రక్తం, 3 మి.మీ. ఎముక నష్టం మూడూ కలిసి ఉంటే ఎముక జబ్బు కింద లెక్కేయమని 2017లో వైద్యులు అంతర్జాతీయంగా ఒక ఒప్పందానికొచ్చారు. ఈయనది అక్కడిదాకా రాలేదు. అలాగని బాగుందనీ చెప్పలేరు. ఆ 2 మి.మీ. మొదటి ఏడాదిలో సర్దుకున్న ఎముకో, నిరుడు కరిగిందో ఎవరికి తెలుసు?

‘ఈ రోజు తీసిందే మీ మొదటి ఎక్స్‌రే అనుకుందాం. మూడు నెలలకి మళ్లీ రండి, ఆలోపు షుగరు తగ్గించండి, సిగరెట్ సంగతి చూడండి’ అన్నాడు డాక్టరు. ఆయన మొహం మాడ్చుకుని విన్నారు.

కుప్పంలో ఆ కొట్టు గల్లాపెట్టె వెనక గోడకి వేలాడే క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే ఇప్పుడు ఆరు అంకెలున్నాయి. అయిదు, నాలుగు, నాలుగు, అయిదు, నాలుగు, మూడు. కింద ఎర్రసిరాతో మూడు నెలల తర్వాతి తేదీ. ఆ రోజు కొట్టు ఎవరు చూసుకుంటారన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.