నాలుగున్నరకే చీకటి.. పదిహేను మెట్ల కింద జాజ్

డిసెంబర్‌లో న్యూయార్క్ వైపు సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు డ్యూటీ దిగిపోతాడు. ఐదింటికి ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తి చూస్తే కిటికీ బయట అర్ధరాత్రిలా ఉంటుంది. నేనుండేది హడ్సన్ నదికి ఇవతల, జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ దగ్గర. కింద వీధిలో మన కొట్లు బోలెడు. కరివేపాకు దొరుకుతుంది, ఆవకాయ దొరుకుతుంది. ఎండ ఒక్కటే దొరకదు.

ఆ చీకట్లో అందరూ చేసే పనే నేనూ చేసేవాణ్ణి. యూట్యూబ్‌లో ‘వింటర్ జాజ్’ అని కొట్టడం. మీరూ చూసే ఉంటారు. మండుతున్న కట్టెలు, కిటికీ అవతల మంచు, పొగలు కక్కే కాఫీ కప్పు, ఎనిమిది గంటల వీడియో. కోడ్ రాసుకుంటుంటే బానే ఉంటుంది, కాదనను. కానీ అంతసేపు విన్నాక ఒక్క ట్యూన్ కూడా గుర్తుండదు. వాయించిందెవరో తెలీదు. ఫ్యాన్ చప్పుడులాగా అదీ ఒక చప్పుడు, అంతే.

అసలు సరుకు నదికి అవతల ఉంది. జర్నల్ స్క్వేర్‌లో పాత్ ట్రైన్ ఎక్కి క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగితే, అక్కణ్ణుంచి పది నిమిషాల నడక. చలికాలంలో ఆ పది నిమిషాలే గంట అనిపిస్తాయి. గాలి చెవుల్ని కోస్తుంటుంది. సెవెన్త్ అవెన్యూ మీద ‘విలేజ్ వాన్‌గార్డ్’ అని చిన్న బోర్డు, ఇరుకు తలుపు, కిందికి పదిహేను మెట్లు. దిగేసరికి కళ్లద్దాలు మొత్తం మసకబారిపోతాయి. వాటిని తుడుచుకుని పెట్టుకునేలోపు ఎవరో వచ్చి మిమ్మల్ని ఓ మూల బల్ల దగ్గర కుదేస్తారు.

మ్యాక్స్ గోర్డన్ అనే ఆయన 1935లో ఇక్కడ మొదలుపెట్టాడు. అప్పట్లో కవిత్వం, జానపదాలు, హాస్యం, అన్నీ నడిచేవట. 1957 నుంచి పూర్తిగా జాజే. ఆయన 1989లో పోయాక భార్య లోరైన్ నడిపింది, 2018లో ఆవిడ పోయేదాకా. గది త్రికోణంలా ఉంటుంది. కొన వైపు స్టేజి, వెనకాల ఎర్ర తెర. పట్టేది 123 మంది. వాయించేవాళ్లకి వేరే గది లేదు, వంటగదే వాళ్ల గ్రీన్‌రూమ్. జాన్ కోల్‌ట్రేన్ అంతటివాడు కూడా ఇక్కడే వాయించాడు.

ఇంకో సంగతి. సెట్ నడుస్తున్నంతసేపూ ఫోన్ బయటికి తీయకూడదు. ఫొటో లేదు, వీడియో లేదు, స్టోరీ పెట్టడం లేదు. మొదటిసారి నా చెయ్యి నాలుగైదుసార్లు దానంతటదే జేబులోకి వెళ్లింది.

జాజ్ వినడం రాదని భయపడక్కర్లేదు. ముందు అందరూ కలిసి ట్యూన్ వాయిస్తారు. దాన్ని ‘హెడ్’ అంటారు. తర్వాత ఒక్కొక్కరూ ఆ చట్రంలోనే అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. మిగతావాళ్లు కింద నుంచి మోస్తుంటారు. చివర్లో మళ్లీ అందరూ హెడ్‌కి వచ్చేస్తారు. మన కచేరీల్లో కల్పనస్వరాలు వేసి పల్లవి దగ్గరికి వచ్చి వాలడం విన్నవాళ్లకి ఇదేం కొత్త కాదు. డ్రమ్స్ ఆయన ఒక్కడే వాయిస్తుంటే నాకైతే తని ఆవర్తనమే గుర్తొస్తుంది. కాకపోతే ఇక్కడ పాట మధ్యలో, ఒక్కో సోలో అవగానే చప్పట్లు కొట్టేస్తారు.

సోమవారం రాత్రులు ఇక్కడ 16 మంది ఉండే పెద్ద బ్యాండ్ వాయిస్తుంది. థాడ్ జోన్స్, మెల్ లూయిస్ 1966 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. ఇద్దరూ పోయినా బ్యాండ్ ఆగలేదు. ఇప్పుడు దాని పేరు వాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రా. 123 మందికి 16 మంది అంటే, ఎనిమిది మందికి ఒకడు వాయిస్తున్నట్టు! ముందు వరసలో కూర్చుంటే ట్రాంబోన్ గొట్టం మన గ్లాసు దాకా వస్తుందేమో అనిపిస్తుంది.

పోయిన డిసెంబర్ మొదట్లో మా రూమ్మేట్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే మామూలుగా ఇచ్చే గడువు 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ దొరక్కపోతే పెట్టె సర్దుకోవడమే. వాడు ఓ ఎక్సెల్ షీట్ పెట్టుకుని రోజులు లెక్కపెట్టేవాడు. 41వ రోజు సోమవారం. కోటు తొడిగించి లాక్కెళ్లాను.

“ఒరేయ్, ఒక్క టికెట్టు దాదాపు 40 డాలర్లా? పైన ఒక డ్రింక్ తప్పనిసరా? వారం కూరగాయలొస్తాయిరా దాంతో!”

“నేను కడతాలే, నడువు.”

గంటకు పైగా వాడు మెయిల్ రిఫ్రెష్ చేయలేదు. తీసేశాక అంతసేపు ఫోన్ ముట్టుకోకుండా వాణ్ణి చూడ్డం నాకదే మొదటిసారి. బయటికొచ్చాక మఫ్లర్ చుట్టుకుంటూ, “వీళ్లకి 1966 నుంచీ ప్రతి సోమవారం ఉద్యోగం ఉందిరా” అన్నాడు. ఇద్దరం రోడ్డు మీద నిలబడి పిచ్చోళ్లలా నవ్వాం. తర్వాత ఫోన్ తీశాడు. మూడు మెయిల్స్. మూడూ ‘సారీ’లే.

ఫిబ్రవరిలో హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఇక్కడ సోమవారం రాత్రి ఎనిమిదికి సెట్ మొదలయ్యేటప్పటికి అక్కడ మంగళవారం ఉదయం ఆరున్నర. ఒక్కోసారి మెట్లు దిగే ముందు మెసేజ్ వస్తుంది, ‘ఇవాళ వెళ్తున్నావా?’ అని.

ఇంత దూరం రాలేనివాళ్లకి ఆ గదిని కాస్త చూపించే రికార్డు ఒకటుంది. 1961 జూన్ 25, ఆదివారం. బిల్ ఎవాన్స్ పియానో, స్కాట్ లాఫారో బేస్, పాల్ మోషన్ డ్రమ్స్. రోజంతా వాయించింది రికార్డు చేశారు. ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ ఆల్బమ్ దాంట్లోదే. అది వేసవిలో చేసిందైనా నాకు మాత్రం మంచు రోజుల సంగీతమే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. వెనకాల గ్లాసుల గలగల, ఎవరివో కబుర్లు వినిపిస్తాయి. అక్కడ జరుగుతున్నదేంటో వాళ్లకి తెలీదు పాపం. పదకొండు రోజుల తర్వాత లాఫారో కారు ప్రమాదంలో పోయాడు. పాతికేళ్లే.

క్రిస్మస్ పాటలంటారా, డిసెంబర్‌లో ఏ షాపులోకెళ్లినా విన్స్ గరాల్డీ పియానో వినిపిస్తుంది. 1965లో ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ అనే కార్టూన్‌కి చేసిన సంగీతం. పిల్లల కార్టూన్‌కి జాజ్ ఏంటని టీవీవాళ్లు అప్పట్లో సందేహించారట! నా ఓటు మాత్రం డ్యూక్ ఎలింగ్టన్, బిల్లీ స్ట్రేహార్న్ కలిసి 1960లో చేసిన ‘నట్‌క్రాకర్ స్వీట్’కి. చైకోవ్‌స్కీ బ్యాలే సంగీతాన్ని తీసుకుని, ‘షుగర్ ప్లమ్ ఫెయిరీ’ని ‘షుగర్ రమ్ చెర్రీ’ చేసేశారు. పేరులోనే మత్తు ఎక్కించేశారన్నమాట.

డబ్బులు తక్కువగా ఉంటే వాన్‌గార్డ్ దగ్గర్లోనే, వెస్ట్ టెన్త్ స్ట్రీట్‌లో ‘స్మాల్స్’ ఉంది. అదీ నేలమాళిగే. జనవరిలో అయితే వింటర్ జాజ్‌ఫెస్ట్. 2005 నుంచి జరుగుతోంది. మారథాన్ రాత్రుల్లో ఒకే పాస్‌తో క్లబ్బు నుంచి క్లబ్బుకి తిరగొచ్చు. మంచి బూట్లు ముఖ్యం.

ఓ రోజు ఖాళీగా ఉంటే సెవెన్ ట్రైన్ ఎక్కండి. మనవాళ్లు చాలామంది ఈ ట్రైన్ ఎక్కేది ఫ్లషింగ్ గణేశ్ గుడికి, ఆ గుడి క్యాంటీన్ దోసెకి. చివరిదాకా వెళ్లకుండా మధ్యలో కరోనా అనే పేటలో దిగితే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇల్లు వస్తుంది. ఔను, పేరు అదే, వైరస్ కంటే చాలా పాతది. ప్రపంచమంతా తిరిగిన ట్రంపెట్ వీరుడు 1943 నుంచి ఉన్నది ఈ మామూలు ఇటుకల ఇంట్లోనే. ఇప్పుడది మ్యూజియం. ఆయన తన టేప్ రికార్డర్‌లో పట్టుకున్న మాటలు, నవ్వులు గదుల్లో వినిపిస్తారు.

1971 ఫిబ్రవరి 26న, మంచి చలిలో, ఈ ఇంట్లోనే ఆయన ఓ క్రిస్మస్ కవిత చదివి రికార్డు చేశాడు. రాత్రిపూట శాంటా వచ్చి వెళ్లే పాత కవిత. పాటా లేదు, ట్రంపెటూ లేదు, ఆ గరగర గొంతొక్కటే. రిలీజ్ కోసం ఆయన చేసిన చివరి రికార్డింగ్ అదే. జూలైలో పోయాడు, ఆ ఇంట్లోనే. యూట్యూబ్‌లో దొరుకుతుంది, నాలుగైదు నిమిషాలే. చివర్లో అందరికీ గుడ్‌నైట్ చెబుతాడు.