నాలుగు హిట్ పాయింట్ల తాత

కథంతా ఎవరి మీద నడవాలో ఆ మనిషికే నాలుగంటే నాలుగు హిట్ పాయింట్లిచ్చి అడవి దారిన పంపించాను. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ళకు ఈ ముక్క చాలు, మిగతాది ఊహించుకుని నవ్వుకుంటారు. ఆడనివాళ్ళకు కాస్త వివరంగా చెప్పాలి.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో తెచ్చిన ఆట ఇది. నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటారు, తలా ఒక పాత్ర ఆడతారు. ఒకరు మాత్రం డంజియన్ మాస్టర్. డీఎం అంటాం. దారి, వాన, సత్రం యజమాని, రాజు, రాక్షసుడు అన్నీ డీఎం నోటి నుంచే రావాలి. ఆటగాళ్ళవి కాకుండా డీఎం ఆడించే ఈ పాత్రలన్నీ ఎన్‌పీసీలు. కత్తి తగిలిందో లేదో ఇరవై ముఖాల డైస్ చెబుతుంది. హిట్ పాయింట్లంటే ఒంట్లో ఉన్న ప్రాణం లెక్క. మేం కొండాపూర్‌లో ఒక ఫ్రెండ్ ఫ్లాట్‌లో శనివారాలు ఆడతాం. పుస్తకాలు ఇంగ్లీషువి, మాటలు తెలుగువి, తిట్లు రెండు భాషల్లోనూ.

నేను డీఎంగా సొంతంగా రాసుకున్న మొదటి కథలో ఒక ముసలాయన ఉండేవాడు. మ్యాపులు గీసేవాడు. కొండ కింద మూసుకుపోయిన గనికి దొంగదారి తెలిసినవాడు లోకంలో ఆయనొక్కడే. ఆయనకో గంభీరమైన పేరు పెట్టుకున్నాను కానీ మావాళ్ళు మొదటి పది నిమిషాల్లోనే దాన్ని పక్కన పడేసి "తాత" అన్నారు. తాతకు చలి వేస్తే దుప్పటి కప్పారు, తమ తిండిలో వాటా పెట్టారు. డీఎంకి అంతకన్నా ఏం కావాలి? పుస్తకంలో మామూలు మనుషులకిచ్చే కామనర్ లెక్కనే తాతకూ రాసేశాను. ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే డైస్ అందుకోవాల్సిన అంకె, 10. హిట్ పాయింట్లు 4. ముసలాయన కదా, కత్తి యుద్ధం చేస్తాడా ఏంటి అనుకున్నాను.

అడవిలో గోబ్లిన్లు కాపు కాశాయి. మావాళ్ళు పసిగట్టలేకపోయారు. 2014 నాటి రూల్ ప్రకారం అలా ఉలిక్కిపడ్డవాళ్ళు మొదటి రౌండ్‌లో కదలడానికి లేదు. గోబ్లిన్ల బాణాలు ఎవరి మీదికి వెళ్ళాలో నేను తేల్చుకోకుండా ఆ పని కూడా డైస్‌కే అప్పగించాను. నిష్పక్షపాతం అనుకున్నాను. మొదటి బాణం తాత మీద పడింది. ఇరవై ముఖాల డైస్ మీద 14. దెబ్బకు వేసిన ఆరు ముఖాల డైస్ మీద 6, దానికి రెండు కలిపితే 8. మావాళ్ళు ఒక్క డైస్ కూడా చేతిలోకి తీసుకోకముందే తాత పోయాడు.

"రివివిఫై ఉంది కదా!" అన్నాడొకడు ఆశగా. ఉంది. చనిపోయిన నిమిషంలోపు వాడితే మనిషిని లేపే మంత్రమే. కానీ అది మూడో లెవెల్ మంత్రం, మంత్రాలతో గాయాలు మాన్పే క్లెరిక్ అయిదో లెవెల్‌కి వస్తే కానీ చేతికి రాదు. పైగా 300 బంగారు నాణేల ఖరీదు చేసే వజ్రం ఖర్చవుతుంది. మా క్లెరిక్ ఇంకా రెండో లెవెల్. వజ్రం మాట దేవుడెరుగు, చేతిలో నూనె దీపానికే డబ్బుల్లేవు.

అప్పుడు చేసింది ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. కథ చేజారిపోతోందని కంగారుపడి, తాత కళ్ళు తెరిచాడన్నాను. గుండెల్లో బాణంతో, మన సినిమాల్లో తల వాల్చేసే ముందు కొడుక్కి పగ గురించి పూస గుచ్చినట్టు చెప్పే తండ్రిలాగా, దొంగదారి మలుపులన్నీ చెప్పించి అప్పుడు చంపాను. మావాళ్ళు పడీ పడీ నవ్వారు. అంతకుముందు దుప్పటి కప్పిన అమ్మాయే "తాతా, సెకండాఫ్ కూడా చెప్పేసి పో" అంది.

తప్పు ఎక్కడుందో ఆ రాత్రే లెక్క వేసుకున్నాను, కానీ సగమే అర్థమైంది. గోబ్లిన్ డైస్‌కి 4 కలుపుకుంటుంది. 10 ఆర్మర్ క్లాస్ మీద నూటికి 75 బాణాలు తగులుతాయి. తగిలిన బాణం 3 నుంచి 8 దాకా తీస్తుంది. అంటే ఒక్క బాణంతో తాత పడిపోయే అవకాశం నూటికి 63. సున్నాకు చేరాక ఇంకా మిగిలిన దెబ్బ మనిషి మొత్తం హిట్ పాయింట్లంత ఉంటే, ఆటగాళ్ళ పాత్రలైన హీరోలక్కూడా అక్కడికక్కడే చావే. తాతకు 8 తగిలింది కాబట్టి ఆయన్ను హీరోల రూల్ కింద ఆడించినా బతికేవాడు కాదు. అదే పుస్తకంలో నోబుల్ లెక్క ఉంది: ఆర్మర్ క్లాస్ 15, హిట్ పాయింట్లు 9. డైస్ మీద 20 వచ్చి దెబ్బ డైస్‌లు రెట్టింపయ్యే క్రిటికల్ పడితే తప్ప ఒక్క గోబ్లిన్ బాణం నోబుల్‌ని పడగొట్టలేదు. పేరు నోబుల్ అయినంత మాత్రాన జమీందారుకే ఇవ్వాలని ఎవరూ అనలేదు, ఆ అంకెల్ని తాతకిచ్చినా అడిగేవాడు లేడు.

ఈ లెక్క చూసి నేను నేర్చుకున్న పాఠం తప్పుడు పాఠం. ఇక మీదట ముఖ్యమైన ఎన్‌పీసీ ఎవరూ నా టేబుల్ మీద చావకూడదనుకున్నాను.

తర్వాతి కథలో ఒక రాయబారి. రెండు రాజ్యాల సంధి పత్రం ఆవిడ దగ్గరుంది. ఈసారి ఆటగాళ్ళకు కనబడకుండా డీఎం స్క్రీన్ వెనక డైస్ వేసి, ఆవిడకు తగలాల్సినవన్నీ తప్పిపోయాయని చెప్పుకుంటూ పోయాను. డైస్ మీద 18 కనిపిస్తున్నా "అబ్బ, చెవి పక్కనుంచి పోయింది" అనేవాణ్ణి. ఎవరూ కనిపెట్టలేదనుకున్నాను. ఒక వంతెన మీద పోట్లాటలో మా ఫైటర్ ఆడే కుర్రాడు, డాలు పట్టుకుని ఆవిడ పక్కన నిలబడాల్సినవాడు, ఆవిణ్ణి వదిలేసి ముందుకు పోయాడు. పక్కనుంటే ఆవిడ మీదికొచ్చే దెబ్బకు అడ్డుపడే ప్రొటెక్షన్ స్టైల్ వాడికుంది, దాన్ని వాడడమే మానేశాడు. ఎందుకని అడిగితే మామూలుగా చెప్పాడు, "ఆవిడకేం కాదులే మామా. నువ్వు చంపవు."

తాత చచ్చినప్పటి నవ్వుకన్నా ఈ మాట గట్టిగా తగిలింది. వాళ్ళు కాపాడాల్సిన మనిషిని నేనే కాపాడేస్తుంటే వాళ్ళిక ఎందుకు కదులుతారు?

కంప్యూటర్ ఆటలు ఈ తలనొప్పితో ఎప్పటినుంచో కుస్తీ పడుతున్నాయి. బెథెస్డా వాళ్ళ మారోవిండ్‌లో, 2002లో, కథకు కావలసిన మనిషిని చంపేస్తే విధి దారం తెగిపోయిందని, పాత సేవ్‌కు వెళ్తారా లేక చెడిపోయిన ఈ లోకంలోనే ఉంటారా అని ఒక సందేశం వచ్చేది. 2006లో ఆబ్లివియన్‌కు వచ్చేసరికి అలాంటివాళ్ళు స్పృహ తప్పి పడిపోయి మళ్ళీ లేస్తారు. 2011 నాటి స్కైరిమ్‌లో మోకాలి మీద కూలబడి, కాసేపటికి దులుపుకుని లేస్తారు. నా మటుకు మారోవిండే మర్యాదగల ఆట. నువ్వు చేసింది నువ్వే అనుభవించు అంటుంది. స్కైరిమ్ పద్ధతి ఒంటరిగా ఆడుకునేవాళ్ళకు పనికొస్తుందేమో కానీ, టేబుల్ చుట్టూ మనుషులు కూర్చున్నచోట అదే నా రాయబారి కథ అవుతుంది.

2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 ఇంకో సంగతి నేర్పింది. అందులో ఇసొబెల్ అనే పూజారిణి వెలుగు కవచంతో ఒక సత్రాన్ని శాపం నుంచి కాపాడుతుంటుంది. మార్కస్ అనేవాడు రెక్కల రాక్షసుల్ని వెంటేసుకుని వస్తాడు. వాడికి కావాల్సింది ఆవిడ ప్రాణం కాదు, ఆవిణ్ణి ఎత్తుకుపోవడం. ఆవిడ పడిపోతే పట్టుకుపోతారు, కవచం పోతుంది, లోపలి జనం శాపం పాలవుతారు. ఎంత చక్కటి అమరిక! కాకపోతే ఆవిణ్ణి ఆడించేది కంప్యూటర్. మనం గొంతు చించుకుంటున్నా వినకుండా ఎదురెళ్ళి దెబ్బలు తింటుంది. ఆ పోట్లాట మధ్యలో కీబోర్డ్ విసిరికొట్టాలనిపించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మా తాత కూడా నా చేతిలో ఉన్న ఇసొబెలే కదా అని అప్పుడు తట్టింది.

శత్రువుకు ఏం కావాలో ముందు రాసుకోవడం డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2014 స్టార్టర్ సెట్‌లోని ఫాండెల్వర్ కథలో ఉంది. అది నా దగ్గర మొదటినుంచీ ఉంది, చదివాను కూడా, కళ్ళు తెరుచుకుని చదవలేదంతే. అందులో సిల్డార్ హాల్‌వింటర్ అనే యోధుడు గోబ్లిన్ల గుహలో బందీ. పూర్తి హిట్ పాయింట్లు 27, దొరికేటప్పటికి ఒంట్లో మిగిలింది ఒక్కటి. తాతకన్నా బలహీనుడు. అయినా యీమిక్ అనే గోబ్లిన్ అతన్ని చంపడు. పది అడుగుల గట్టు అంచుకు ఈడ్చుకొచ్చి, ఆగకపోతే తోసేస్తానని బేరం పెడతాడు. యీమిక్‌కు తన నాయకుణ్ణి తొలగించి ఆ కుర్చీ ఎక్కాలనుంది. సిల్డార్ శవం వాడికి దేనికీ పనికిరాదు, బతికున్న సిల్డార్ పనికొస్తాడు. ఒకవేళ సిల్డార్ చచ్చినా కథ ఆగదు. తర్వాత చేరాల్సిన గోబ్లిన్ల కోట దారి థండర్‌ట్రీ అనే పాడుబడ్డ ఊళ్ళో ఉండే రీడోత్ అనే డ్రూయిడ్‌కు తెలుసు. నేనేమో గని దారి మొత్తం నాలుగు హిట్ పాయింట్ల బుర్రలో పెట్టి తాళం వేశాను.

వంతెన సంగతి తర్వాత మావాళ్ళ ముందు ఒప్పుకున్నాను, స్క్రీన్ వెనక చేసిన పనులన్నీ. క్లెరిక్ ఆడే అమ్మాయి "తెలుసన్నా" అని ఊరుకుంది. అప్పటినుంచి రాయబారి డైస్ అందరూ చూసేలా టేబుల్ మధ్యలోనే వేస్తూ వచ్చాం. పుస్తకం మామూలు రాక్షసుల్ని సున్నా దగ్గరే చంపేయమంటుంది కానీ, ముఖ్యమైన ఎన్‌పీసీలకు హీరోల్లాగే డెత్ సేవ్‌లు, అంటే సున్నాకు చేరాక చావు తప్పించుకునే డైస్‌లు, ఇవ్వచ్చని కూడా చెబుతుంది. 10 అంతకన్నా ఎక్కువ పడితే ఒక గెలుపు, తక్కువైతే ఒక ఓటమి, ఏవి ముందు మూడైతే అది. రాయబారికి ఇది వర్తిస్తుందని ముందే ప్రకటించాను. ఆవిడ వంతు వచ్చినప్పుడు ఏం చేయాలో ఫైటర్ కుర్రాడికే వదిలేశాను. వాడు చేసిన మొదటి పని ఆవిణ్ణి బండి చక్రం వెనక కూర్చోబెట్టి, తలొంచుకుని డాడ్జ్ చేయమనడం. ముక్కాలు వంతు మరుగున ఉంటే ఆర్మర్ క్లాస్‌కు 5 కలుస్తుంది, డాడ్జ్ చేస్తే శత్రువు రెండు డైస్‌లు వేసి తక్కువది తీసుకోవాలి. దాడికి ముందే జాగ్రత్తపడి ఇదే పని తాత చేసి ఉంటే 75 శాతం కాస్తా 25 అయ్యేది. ముసలాయనకు ఒంగి కూర్చోవడం చేతకాదా? నేనే నిలబెట్టి ఉంచాను.

ఆ పోట్లాటలో రాయబారి మీద పడ్డ బందిపోట్ల గురించి నా కాగితం మీద ఒకే వాక్యం రాసుకున్నాను: వీళ్ళకు రాయబారి ప్రాణాలతో కావాలి, డబ్బు కోసం. దాంతో వాళ్ళు బాణాలు మాని తాళ్ళు తీశారు. నది ఒడ్డుకు ఈడ్చుకుపోతుంటే మావాళ్ళు వెంటపడ్డారు. ఆ పెనుగులాటలో ఆవిడా పడిపోయింది, ఫైటరూ పడిపోయాడు. క్లెరిక్ దగ్గర ఒక్క హీలింగ్ వర్డ్ మిగిలింది. అరవై అడుగుల దూరం నుంచి కూడా అందే మంత్రం, కానీ ఒక్కరికే. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించి ఫైటర్‌ను లేపింది. రాయబారి డెత్ సేవ్ డైస్ ఫైటర్ కుర్రాడే వేశాడు. మూడో ఓటమి వాడి చేతుల్లోనే పడింది.

ఆవిడ చచ్చిపోయింది. నేను కళ్ళు తెరిపించలేదు, డైలాగులు చెప్పించలేదు. సంధి పత్రం నకలు అవతలి రాజ్యంలో ఒక లేఖకుడి దగ్గరుందని నెల ముందే వాళ్ళకు చెప్పి ఉంచాను, తర్వాతి శనివారం అక్కడికి బయల్దేరారు. నువ్వే చంపావని ఎవరూ నన్ననలేదు. తాత విషయంలో మాత్రం ఇప్పటికీ అంటూనే ఉంటారు.

మీరూ డీఎం కుర్చీలో కూర్చునేవాళ్ళయితే, ఈసారి యుద్ధం రాసేటప్పుడు ఎన్‌పీసీ పేరు పక్కన శత్రువుకు అతనితో ఏం పనో ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం తోచకపోతే అతన్ని యుద్ధానికి తీసుకెళ్ళకండి, ఊళ్ళోనే ఉంచండి.