చేను మట్టి... చక్రం వణుకు!

కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర ఓ చిన్న కారు ఆగి ఉంది. వెనక సీట్లో అవ్వ, ఇద్దరు పిల్లలు, పెళ్లి బట్టల సంచీ. ముందు సీట్లో ఇల్లాలు. ఉగ్గాని, బజ్జీల ఫలహారం అయిపోయింది. అయినా ఇంటాయన బండిని కదిలించడం లేదు. ఏసీ వేసి ఓసారి, ఆపి ఓసారి స్టీరింగ్ మీద అరచేతులు ఆనించి చూస్తున్నాడు.

‘‘పోనీ నాయనా, ముహూర్తం మనకోసం ఆగుతాదా?’’ అంది అవ్వ.

ముహూర్తం మర్నాడు తెల్లవారుజామున, కడపలో. ఆయన దిగులు మాత్రం వేరు. పదిహేను రోజులుగా కారు ముందుభాగం వణుకుతోంది. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాడు. ముందు షాకబ్జర్లు రెండూ మార్పించాడు. డబ్బు పోయింది, వణుకు పోలేదు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఇలాంటి బండిలో 200 కిలోమీటర్లు వెళ్లొచ్చా?

నిలబడ్డ బండి వణకడం లేదు. అంటే ఇంజినును మోసే రబ్బరు మౌంట్లు బాగానే ఉన్నట్లు. అవి చచ్చుబడితే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే, అందులోనూ ఏసీ వేసినప్పుడు డాష్‌బోర్డు దడదడలాడుతుంది. ఒక అనుమానం తీరింది. కారు కదిలింది.

కర్నూలు నుంచి కడప మీదుగా చిత్తూరు వెళ్లే ఈ దారి ఒకప్పుడు 18వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చినప్పుడు 40 అయింది. రెండు వరుసల రోడ్డు మీద లారీ వెనక లారీగా పాకిన రోజుల్లో ఇలాంటి వణుకులు బయటపడేవే కావు. 80 దాటే వీలుంటే కదా! నాలుగు వరుసలు వచ్చాక ప్రతి బండి జబ్బూ తెలిసిపోతోంది.

ఓర్వకల్లు రాతివనం దాటగానే రోడ్డు సాఫీగా సాగింది. 60 దాకా ఏమీ లేదు. 80 దగ్గర స్టీరింగ్ గిలగిల మొదలైంది. 90లో చేతులు తిమ్మిరెక్కేలా కొట్టింది. 110 దగ్గర కాస్త తగ్గింది. ఖాళీ రోడ్డు చూసి ఇంటాయన క్లచ్ తొక్కాడు. ఇంజిను వేగం పడిపోయింది. వణుకు మాత్రం అలాగే ఉంది. కాబట్టి తప్పు ఇంజినుది కాదు, తిరిగే చక్రాలది. అదీ స్టీరింగ్‌లో తెలుస్తోంది కనుక ముందు చక్రాలది. వెనక చక్రాలదైతే సాధారణంగా సీటు కింద తెలుస్తుంది.

ఇక్కడే చాలామంది అలైన్‌మెంట్‌కు పరుగెడతారు. చక్రాలు తిన్నగా లేకపోతే బండి ఓ పక్కకు లాగుతుంది, టైరు ఒకవైపే అరుగుతుంది. అంతేగానీ వణకదు. వేగంతో వచ్చే వణుక్కి మొదట చూడాల్సింది బ్యాలెన్సింగ్. చిన్న కారు చక్రం 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 11 సార్లు తిరుగుతుంది. రిమ్ అంచున అతికించిన 30 గ్రాముల సీసం ముక్క ఊడిపోయిందనుకుందాం. ఆ వేగంలో చక్రాన్ని దాదాపు మూడు కిలోల బలం లాగుతున్నట్లే, సెకనుకు 11 సార్లు, ఒక్కోసారి ఒక్కోవైపు! వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలవుతుంది. మరి 110లో తగ్గడమేమిటి? చక్రాన్ని పట్టుకున్న భాగాలకు ఓ సహజమైన ఊపు ఉంటుంది. చక్రం తిరిగే లెక్క దానితో కలిసినచోట వణుకు పెద్దదవుతుంది, దాటితే సద్దుమణుగుతుంది. ఉయ్యాల ఊపేవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

పాణ్యం దగ్గర రోడ్డు ఎర్రమల కొండలు దిగుతుంది. సిమెంటు లారీలు గేరు తగ్గించి మెల్లగా దిగుతుంటాయి. బ్రేకులకు పరీక్ష ఇక్కడే. డిస్క్ మందం అంతటా ఒకేలా లేకపోతే, మిల్లీమీటరులో 50వ వంతు తేడా ఉన్నా చాలు, బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగ్ ఊగుతుంది. పాదం కింద పెడల్ కూడా తన్నుతుంది. ఇంటాయన రెండు మూడుసార్లు మెల్లగా తొక్కి చూశాడు. పెడల్ నిశ్చలం. డిస్క్‌లు కావు.

‘‘ఏంది నాయనా, తొక్కితే ముందుకు పడతాండాం’’ అంది అవ్వ. పిల్లలు నవ్వారు.

నంద్యాలలో టైర్ల కొట్టు. కారు జాకీ మీద లేచింది. కుర్రాడు చక్రం విప్పి, లోపలివైపు తిప్పి, టార్చి వేసి చూశాడు. రిమ్ లోపల ఓ పక్కన పిడకంత నల్లమట్టి ఎండి బిగుసుకుపోయి ఉంది.

‘‘చేన్లోకి పోయినారా అన్నా?’’

పోయారు. కోవెలకుంట్ల దగ్గర చేను ఉంది. వానల్లో కారు గట్టు దిగి కూరుకుపోతే ట్రాక్టరు కట్టి లాగించారు. పైపైన కడిగించారు. రిమ్ లోపల చూసినవారు లేరు.

ఎర్రమల, నల్లమల కొండల మధ్య కుందూ నది లోయ అంతా ఈ నల్లరేగడే. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కాలు దూరేంత బీటలిస్తుంది. ఆ ఉబ్బడం, కుంగడంతోనే ఈ నేల మీద వేసిన రోడ్లు అలల్లా తేలుతుంటాయి. మెట్టపంటకు అన్నం పెట్టే మట్టే, చక్రానికి పడితే వదలదు. కడగకుండా బ్యాలెన్సింగ్ చేయించడం మరీ దండగ. మట్టి బరువును లెక్కలో వేసుకుని మిషన్ ఇంకోవైపు సీసం పెట్టిస్తుంది. నాలుగు రోజులకు పెళ్ల ఊడి పడుతుంది. వణుకు మళ్లీ మొదటికి!

కుర్రాడు నీళ్ల పైపు పెట్టి, చెక్కముక్కతో గీకి శుభ్రం చేశాడు. టైరు గోడలు తడిమి చూశాడు. బేతంచర్ల నాపరాళ్ల గనుల వైపు తిరిగే బండ్లకు పక్కగోడలు కోసుకుపోయి బుడిపెలు లేస్తాయి. అది వణుక్కి మరో కారణం. పైగా ప్రమాదం. అలాంటి టైరు నడపకూడదు. ఇక్కడ బుడిపెల్లేవు. బ్యాలెన్సింగ్ చేసి బిగించాడు. మిషన్ దొరకని ఊళ్లలో ఓ ఉపాయం ఉంది. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి నడపాలి. వణుకు స్టీరింగ్ వదిలి సీటు కిందికి వస్తే దోషం ఆ చక్రాల్లోనే. పైసా ఖర్చు లేదు.

నంద్యాల దాటాక 90లో స్టీరింగ్ కదల్లేదు. కేసీ కాలువ నీళ్లతో తడిసే పొలాలు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. 19వ శతాబ్దంలో ఆ కాలువ తవ్వించిన కంపెనీకి సాగుతో పాటు పడవ ప్రయాణం మీదా ఆశ ఉండేది. సుంకేసుల నుంచి కడప దాకా అలా కుదుపు లేకుండా వెళ్లాల్సింది! పడవలు నిలవలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను తీసుకుంది.

ఆళ్లగడ్డలో భోజనం. రోడ్డు పక్కన ఉలి చప్పుళ్లు, సగం తీరిన రాతి విగ్రహాలు. అంతా సర్దుకుందనే అనుకున్నారు. చాగలమర్రి టోల్‌గేటు ముందు వేగం తగ్గి, కారు స్పీడ్‌బ్రేకర్లు ఎక్కి దిగింది.

టక్... టక్.

‘‘ఇది పొద్దున్నుంచీ ఉంది నాన్నా’’ అన్నాడు పిల్లాడు.

నిజమే. పెద్ద వణుకు హోరులో ఈ చిన్న చప్పుడును ఎవరూ పట్టించుకోలేదు. 30 వేగంలో కూడా వచ్చేది, గుంత ఎక్కితే వచ్చేది, స్టీరింగ్ తిప్పితే వచ్చేది బ్యాలెన్సింగ్ జబ్బు కాదు. మైదుకూరు దాకా 40 దాటకుండా నడిపాడు.

మైదుకూరు మెకానిక్ కారును లేపి, కింద స్టాండు పెట్టాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరే పని ఆయనకు లేదు. చక్రాన్ని పక్కలు పట్టి ఊపాడు. అలా ఆడితే టైరాడ్ అరిగినట్లు. ఆడలేదు. పైనా కిందా పట్టి ఊపాడు. ఆడింది! అలా ఆడితే బేరింగ్ అయినా కావాలి, బాల్ జాయింట్ అయినా కావాలి. గుండ్రంగా తిప్పితే గరగర లేదు కనుక బేరింగ్ కాదు. కింద లోయర్ ఆర్మ్ చివర బాల్ జాయింట్ మీది రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజులో మట్టి కలిసి ఉంది. ఆ గోళీ గూటిలోంచి ఊడితే చక్రం పక్కకు ఒరిగిపోతుంది. ఇక స్టీరింగ్ ఎటు తిప్పినా లాభం లేదు.

ఇంటాయన కాసేపు మాట్లాడలేదు.

‘‘షాకబ్జర్లు మార్చినప్పుడు చూడలేదా సార్?’’ అన్నాడు మెకానిక్. ఆయన దగ్గర జవాబు లేదు.

సామాను ప్రొద్దుటూరు నుంచి రావాలి. రెండు గంటలు పట్టింది. అవ్వ కొట్టు ముందు బల్ల మీదే కునుకు తీసింది. కొత్త ఆర్మ్ వేశాక మెకానిక్ రెండు మాటలు చెప్పాడు. కడపలో అలైన్‌మెంట్ చేయించాలి, ఇప్పుడు అవసరం కనుక. చక్రం విప్పి బిగించాం కాబట్టి కొంత దూరం పోయాక నట్లు మళ్లీ చూసుకోవాలి.

ఖాజీపేట దాటి, చెన్నూరు దగ్గర పెన్న వంతెన ముందు కారు పక్కకు ఆగింది. ఇంటాయన స్పానరు తీసుకుని దిగాడు.

‘‘మళ్లా ఏమైంది నాయనా?’’

‘‘ఏం కాలేదు మా, చూస్తాండా.’’

నట్లు నాలుగూ బిగువుగానే ఉన్నాయి. పొద్దు గుంకుతుండగా కారు వంతెన దాటింది. కడపలో పెళ్లివారింట్లో రాత్రి భోజనాలకు ఇంకా విస్తళ్లు వేయలేదు.