ఉచిత సమరం

కోల్‌కతాకు బదిలీపై వచ్చినది మొదలు, మెట్రో ప్రయాణమంటే మా అబ్బాయికి సెల్‌ఫోనులో ద్వంద్వయుద్ధమే. ఇక్కడి మెట్రో ఆరంభమైన 1984లోనే జపానులో అకిరా తోరియామా ‘డ్రాగన్ బాల్’ బొమ్మల కథ మొదలైంది. దాని ఆధారంగా 2018లో వెలువడిన ‘డ్రాగన్ బాల్ లెజెండ్స్’ ఆటను వాడు మాకూ నేర్పాడు. ప్రవేశ రుసుము లేదు. ఒక్క వేలితోనే దెబ్బ తీయవచ్చు, తప్పించుకొనవచ్చు. దూరదేశపు ప్రత్యర్థితో అప్పటికప్పుడే తలపడవచ్చు. ఈ సౌలభ్యం మెచ్చదగినదే.

అయితే ఈ తరహా ఆటలలో మేటి వీరుడు సాధన వలన గాక, తరచు లాటరీ వలె లభిస్తాడు. దుర్గాపూజకు కొత్తబట్టలకని దాచుకొన్న సొమ్మును వాడు మరొక ఆటలో వెచ్చించి, తన వద్ద ఉన్న వీరుడే మళ్లీ వచ్చాడని కంటతడి పెట్టాడు. మందలించబోయి ఆగాము, ఫోను చేతికిచ్చినది మేమే కదా! ఇప్పుడు ఉచితంగా దొరికిన వీరులతోనే ఆడుతున్నాడు. ఇతరుల చేతిలో తరచు ఓడినా, మమ్ములను మాత్రం ఓడిస్తూనే ఉన్నాడు.