పది గడపల కుక్కకు పథ్యం

పాల్వంచ దాటి భద్రాచలం వైపు, అడవి అంచు ఊళ్లలో కుక్కకు ఒక్క ఇల్లంటూ ఉండదు. పొద్దున ఒకరింటి చద్దన్నం, మధ్యాహ్నం ఇంకొకరి జొన్న జావ, పెళ్లిళ్ల రోజుల్లో అడ్డాకు విస్తళ్లలో మిగిలిన మాంసం, మధ్యమధ్య పిల్లలు విసిరే బిస్కెట్లు. రాత్రంతా చేను దగ్గర అడవిపందుల్ని అదిలించి, తెల్లారాక ఏ గడప పిలిస్తే ఆ గడపకు పోతుంది. మన ముద్ద అరిగించుకోవడం దానికి తాతల నాటి విద్య. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు తోడేళ్లలో కంటే కుక్కల్లో చాలా ఎక్కువని 2013లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది.

అలాంటి కడుపూ ఒక్కోసారి మొరాయిస్తుంది. మూడు వారాలైనా విరేచనాలు తగ్గవు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతాయి. వాంతులు, బంక, అప్పుడప్పుడు నెత్తురు. తింటూనే డొక్కలెండిపోతుంది. ‘ఏదో తినకూడనిది తినుంటుందిలే’ అని ఊరు సరిపెట్టుకుంటుంది.

పేగుల్లో దీర్ఘకాలపు వాపు అన్నది పశువుల డాక్టరు మొదట పలికే పేరు కాదు, అన్నీ కొట్టేశాక మిగిలే పేరు. ముందు మలం పరీక్ష: కొంకిపురుగులున్నాయా, జియార్డియా ఉందా? తర్వాత రక్తం, కాలేయం, క్లోమం. పేగు లోపలి పొరను ఎండోస్కోపీతో చిన్న ముక్క తీసి చూస్తే గానీ వాపు సంగతి ఖాయం కాదు. తిన్న తిండి మీద, పేగులో కాపురముండే సూక్ష్మజీవుల మీద ఒంటి రక్షణ వ్యవస్థే కత్తి దూయడం ఈ జబ్బు తీరు. జర్మన్ షెపర్డ్ వంటి జాతుల్లో ఎక్కువంటారు గానీ, నాటుకుక్కకేమీ మినహాయింపు లేదు.

ఎండోస్కోపీ దాకా పోకముందే చేయగలిగింది ఒకటుంది: పథ్యం. కుక్క ఇదివరకు ఎన్నడూ తినని మాంసం ఒకటి, దానికి తోడు పిండిపదార్థం ఒకటి, అంతే. తిండితో కుదుటపడే రకమైతే చాలావాటికి రెండు వారాల్లోనే తేడా కనిపిస్తుంది. చిక్కంతా ఆ ‘ఎన్నడూ తిననిది’ దగ్గరే. ఖమ్మంలో మేడ మీద పెరిగిన కుక్కకు మేకమాంసం కొత్త కావచ్చు. పది గడపలు తిరిగిన కుక్క రుచి చూడనిది ఏముంది? డాక్టరు దాని తిండి చరిత్ర అడిగితే ఊరంతా సాక్ష్యం చెప్పాలి.

మేడ మీద మాత్రం తేలికా? నాన్న పాలన్నం ముద్ద, అమ్మ పెరుగు గిన్నె, మనవడి బిస్కెట్టు ఎవరికీ తిండిగా లెక్కకు రావు. వాపు దించడానికి ప్రెడ్నిసొలోన్ రాస్తే దాహం, ఆకలి పెరుగుతాయి. కుక్క దీనంగా చూస్తుంది, ఎవరో ఒకరు కరిగిపోతారు. నయమైనట్టుందని ఆ బిళ్లలు ఒక్కసారిగా ఆపేయడం ఇంకో ముప్పు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. బి12 తగ్గిపోతే దానికీ వేరే మందు కావాలి.

బాలింతకు పథ్యం పెట్టే ఇళ్లు మనవి. పిల్లతల్లి వంకాయ ముట్టకుండా కాపలా కాయగలవాళ్లం, కుక్క గిన్నె దగ్గరికొచ్చేసరికి పట్టు సడలిస్తాం. దాని ముందు పెట్టకపోతే అది పథ్యం తప్పలేదు కదా! మందుచీటీ కుక్క పేరు మీద రాసినా, అందులో సగం రాత ఇంటిల్లిపాదికే.