పాదజరతీయము

ఇంటికప్పున నొక పెంకు పగిలినచో నా యొక్క పెంకునే మార్చుదుము గాని కప్పంతయు విప్పింపము. మోటారుబండికి నొక టైరు చెడినప్పుడు నాలుగింటిని మార్పుమని వర్తకుడు చెప్పినచో, గృహస్థునకు మొదట గలుగు నూహ “వీడు మనలను దోచుచున్నాడు” అనునదియే. మన బండ్లలో పెక్కింటి విషయమున నా యూహ తప్పు గాదు. ఇంజను బలము రెండు చక్రములకే పోవు బండికి, ఒక ఇరుసుమీది రెండు టైర్లును జతగా నుండిన సాధారణముగా జాలును. నాలుగు చక్రములకును బలము నందించు ఆల్ వీల్ డ్రైవ్ బండి సంగతి వేఱు. ఆ వేఱుదన మేదియో తెలిసికొనక డబ్బిచ్చుటయు, తెలిసికొనకయే పిడివాదముతో నీకుండుటయు మా దృష్టిలో నొక్కటియే.

ఈ బండ్లు నిన్న మొన్న పుట్టినవి కావు. 1972లో జపానుదేశపు సుబారు సంస్థ లియోన్ అను కారునకును, 1980లో జర్మనీదేశపు ఆడి సంస్థ క్వాట్రో అను కారునకును నాలుగు చక్రముల నడక నమర్చినది మొదలు, జీపులకే యనుకొన్న విద్య కుటుంబముల బండ్లకును వచ్చినది. మంచు గురియు సీమలలో వీనికి గిరాకి మెండు. అమెరికాలోని డిట్రాయిట్ పరిసరములలో మన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. వారి యిండ్లముందు నిట్టి బండ్లు తఱచుగా గనబడును.

2024 వేసవి సెలవులలో మేము మా తమ్ముని యింట నుంటిమి. శీతకాలమున రోడ్డు బీటలలో జేరిన నీరు గడ్డకట్టి యుబ్బి, కరగి, మరల గడ్డకట్టి, వసంతమునకు రోడ్డును గుంటలు చేయును. అట్టి గుంటలో బడి మా మరదలి బండి వెనుక టైరు ప్రక్కగోడ చీలినది. నేలనంటు భాగమున చిన్న మేకు దిగినచో లోపలినుండి అతికింపవచ్చును. ప్రక్కగోడ చీలినచో నతుకు పనికిరాదు. దుకాణమువాడు నాలుగును మార్పవలసినదే యనెను. ఎనిమిదివందల డాలర్లు. ఆ నెలలోనే తమ్ముని యుద్యోగము పోయియుండెను.

“ఈ దేశంలో కూడా ఇంతేనా అన్నయ్యా?” అని తమ్ముడు నిట్టూర్చెను.

“గాడుల లోతు కొలవకుండానే నాలుగూ అన్నాడు బావగారూ. కొలిచి చెప్పమంటే మాట మార్చాడు” అని మరదలు. ఆసుపత్రి యుద్యోగమునకై దినమునకు రానుపోను 35 మైళ్లు ఆ బండి నడపునది యామెయే. యంత్రముల సంగతి ఆడువారి కేల యనువారు మనలో నింకను గలరు. ఆ యింట కొలబద్ద యున్నది ఆమె చేతిసంచిలోనే.

కొలిచితిమి. ఆ రకపు క్రొత్త టైరు గాడి లోతు అంగుళములో 32వ వంతులు పది. మిగిలిన మూడింటికి ఆరు. తేడా మూడు మిల్లీమీటర్లకు కొంచెము పైన. ఇంతేనా యనిపించును. కాని వ్యాసార్ధమున మూడు మిల్లీమీటర్లు తగ్గినచో చుట్టుకొలతలో సుమారు రెండు సెంటీమీటర్లు తగ్గును. ఆ టైరు చుట్టుకొలత 2205 మిల్లీమీటర్లు. లెక్కింపగా, అరిగిన చక్రము క్రొత్తదానికంటె కిలోమీటరునకు నాలుగు చుట్లు హెచ్చుగా దిరుగును.

మన యెడ్లబండిలో నిది బాధ గాదు. అందు ఇరుసు తిరుగదు. చక్రమే యిరుసుపై దిరుగును. ఒకటి చిన్నదైనను బండి యొరగునే గాని రెండవదానితో దానికి లంకె లేదు. ఆల్ వీల్ డ్రైవ్ బండిలో నాలుగు చక్రములకును లోపల బంధుత్వము గలదు. ప్రక్కప్రక్క చక్రముల తేడాను డిఫరెన్షియల్ సర్దుకొనును. కాని వెనుక నొకటి క్రొత్తదైనచో నా యిరుసు సగటు మారి, ముందు వెనుకల నడుమ కిలోమీటరునకు రెండు చుట్ల తేడా నిలుచును. పెక్కు బండ్లలో దానిని భరించునది నడుమనుండు క్లచ్చి పలకల జత. మలుపులో వచ్చు తేడా మలుపుతో బోవును. ఇది తిన్నని రోడ్డుమీదను వదలదు. పలకలు రాచుకొని వేడెక్కి యరుగును. అవి చెడిన వేల డాలర్ల పని.

సంస్కృతమున అర్ధజరతీయ న్యాయమని యొకటి గలదు: సగము ముదుసలి, సగము పడుచు. మూడు పాతవి, ఒకటి క్రొత్తదియైన యీ బండిని పాదజరతీయమనవలెనో, త్రిపాదజరతీయమనవలెనో వైయాకరణులు తేల్చుకొందురు గాక. వింత యేమన, పొదుపని తలచి వెనుక జతను మాత్రము మార్చినచో క్లచ్చికి మేలు గాక కీడు రెట్టింపగును; ఇరుసుల నడుమ తేడా రెండు చుట్లనుండి నాలుగగును.

సుబారు సంస్థ నాలుగు టైర్ల చుట్టుకొలతలలో పావు అంగుళమునకు మించిన తేడా కూడదనును. అనగా గాడిలోతున నొక మిల్లీమీటరు. కొన్ని సంస్థలు మఱికొంత సడలింపు నిచ్చును గనుక బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణము. మా లెక్కలోని తేడా పావు అంగుళమునకు మూడింతలు. కావున వర్తకుని ముగింపునకు గారణము లేకపోలేదు. అతడు దాచినది రెండవ మార్గము. అదే సంస్థ, అదే రకము, అదే కొలతగల క్రొత్త టైరును దెప్పించి, యంత్రముపై దానిని గిఱ్ఱున ద్రిప్పుచు, పైరబ్బరును తక్కినవాని లోతునకు సమముగా జెక్కించుట. ఆ దేశమున నీ పని చేసి పంపు దుకాణము లున్నవి. క్రొత్తదానిని కొనిన వెంటనే యరగదీయించుట మా తమ్మునికి మింగుడుపడలేదు. మరదలు మాత్రము ఆ రాత్రియే తెప్పించుటకు వ్రాసెను. టైరునకు 190, చెక్కుడునకు 35 డాలర్లైనవి. తక్కిన మూడును అరిగి గాడి 32వ వంతులు రెండు మూడింటికి దిగియున్నచో నిట్లు చెక్కించుట దండుగ. అప్పుడు నాలుగును మార్పవలసినదే.

మన దేశమున పెక్కు బండ్లకు వెనుక తగిలించు ఐదవ టైరు మిగిలినవానితో సమానమైన పూర్తి కొలతదే. దానిని సంవత్సరములకొలది ముట్టక యుంచుటకంటె, ఎనిమిది పదివేల కిలోమీటర్లకొకసారి టైర్ల స్థానములు మార్చునప్పుడెల్ల దానిని గూడ వంతులో జేర్చినచో ఐదును నించుమించుగా నొక్కతీరున నరుగును. ఒకటి చీలిననాడు జతకుదిరినది బండిలోనే యుండును. సన్నని తాత్కాలికపు టైరు వచ్చిన బండ్లకును, ఒక్క దిక్కునకే తిరుగవలసిన టైర్లకును ఈ పద్ధతి కుదరదు.